అంచు గుంటలు

హల్మోష్ ఎమెషె ఆ తిరస్కరణ లేఖ మీద సంతకం పెట్టిన రోజున ట్రాము దిగి ఇంటిదాకా కూనిరాగం తీసుకుంటూ నడిచింది. నాలుగు నెలలు తిరిగాక ఆ కూనిరాగం గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు చెవులు వేడెక్కడం మొదలైంది.

బుడాపెస్టులో పేటెంట్ల పరిశీలకురాలిగా ఆమెకు ఇరవై ఆరేళ్ళ సర్వీసు. రసాయనాల విభాగం. ఫలానాది కనిపెట్టాం, మాకు హక్కు రాసివ్వండి అని జనం వస్తారు. అది కొత్తదా కాదా అన్నది తేల్చడం పెద్ద కష్టం కాదు, పాత కాగితాలు తిరగేస్తే తెలిసిపోతుంది. కొత్తదే అయినా, ఎవరికైనా ఇట్టే తట్టే పాటిదేనా అన్నది తేల్చడమే తలనొప్పి. దానికోసం ఆ వృత్తివాళ్ళు ఒక మనిషిని ఊహించి పెట్టుకున్నారు. ఆయన పేరు సగటు నిపుణుడు. లోకంలో అచ్చయిన ప్రతి కాగితమూ చదివేసి ఉంటాడు, కానీ జన్మలో ఒక్క సొంత ఆలోచనా చేసి ఎరగడు. ఇలాంటివాడు భోజనానికి వస్తే ఇంటిల్లిపాదీ పారిపోతారు. ఆఫీసులో మాత్రం ఆయన లేనిదే పూట గడవదు. ఆయనకు తట్టేదైతే పేటెంటు లేదు, తట్టనిదైతే ఉంది.

ఇక్కడ జాగ్రత్తగా ఉండవలసిన సంగతి ఒకటుంది, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే చెబుతారు. జవాబు చదివేశాక ఏ లెక్కయినా తేలికే. కాబట్టి జవాబు చూడనట్టే కూర్చుని ఆలోచించాలి. ఎమెషె ఈ సంగతిని కొత్తగా చేరినవాళ్ళకు పదిహేనేళ్ళపాటు పాఠంగా చెప్పింది కూడాను.

వచ్చిన దరఖాస్తు సెగెద్ ఊరి నుంచి. పంపినామె చెర్గో పిరోష్కా, అరవై మూడేళ్ళ ల్యాబ్ అసిస్టెంటు. మిరపకాయలకు పట్టే బూజును చంపే మందుల కోసం వందల పదార్థాలను వడపోసే చిన్న ల్యాబులో పని. ఆ వడపోత ఎలాగంటే, అరచేతి పొడవు ప్లాస్టిక్ పళ్ళెం, అందులో తొంభై ఆరు గుంటలు. గుంటకో పదార్థం వేసి, బూజు చేర్చి, ఏది చచ్చిందో చూస్తారు. చిక్కల్లా దొంగ మందులతోనే. పళ్ళెంలో బ్రహ్మాండంగా పనిచేసి పొలంలో చేతులెత్తేసే రకాలు. వాటిని ఏరడానికి నెలల తరబడి మళ్ళీ మళ్ళీ పరీక్షలు చేయాలి.

పళ్ళెం అంచున ఉన్న గుంటల్లో నీళ్ళు తొందరగా ఆరిపోతాయి, అందుకని అక్కడి ఫలితాలను ప్రపంచమంతా పారేస్తుంది. పిరోష్కా పారేయలేదు. కావాలని ఆరనిచ్చి, గంటగంటకూ చూసింది. నీళ్ళు తగ్గేకొద్దీ అసలు మందు చిక్కబడి మరింత గట్టిగా పనిచేస్తోంది. దొంగ మందు ముద్దకట్టి పని మానేస్తోంది. ఒక్క పళ్ళెంతో, ఒక్క పూటలో, అసలేదో నకిలీ ఏదో తేలిపోతోంది. ఆమె కనిపెట్టింది ఇంతే. దరఖాస్తు మొత్తం పదకొండు పేజీలు.

ఎమెషె చదివింది. చదవగానే ఆమెకు కలిగిన మొదటి భావం, ఇదేమిటి, ఇది నాకు తెలుసే అని. రెండో భావం సంతోషం.

ముప్పై ఏళ్ళ కిందట ఆమె డాక్టరేటు చేసింది ఇలాంటి పళ్ళేల మీదే. యూనివర్సిటీ లైబ్రరీ నుంచి సిద్ధాంత గ్రంథం తెప్పించింది. అరవై ఒకటో పేజీ అడుగున, చీమలంత అక్షరాల్లో, తన మాటలే: "అంచు గుంటలను మామూలుగానే లెక్కలోంచి తీసివేశాం. మూడు పదార్థాల ప్రభావం అక్కడ వింతగా పెరిగింది. నీరు ఆరిపోవడం వల్ల వచ్చిన పొరపాటుగా భావించాం."

తిరస్కరణ లేఖలో ఆమె ఆ పేజీని సాక్ష్యంగా చూపింది. విషయం ఎప్పుడో గమనించబడింది, మిగిలింది ఒక్క అడుగే, ఆ అడుగు ఏ సగటు నిపుణుడైనా వేసేదే, కనుక పేటెంటు ఇవ్వడానికి వీల్లేదు. రచయిత్రి: బొద్రోగి ఎమెషె. అది పుట్టింటి పేరు. పెళ్ళయ్యాక ఆమె కాగితాల మీద హల్మోష్ గాబోర్‌నె అయింది, అంటే గాబోర్ గారి భార్య. ఇంటిపేరుతోపాటు సొంత పేరు కూడా ఒక్క సంతకంతో ఇచ్చేసే ఆ పాత పద్ధతి ఇరవై అయిదేళ్ళ వయసులో ఆమెకు మహా ముద్దొచ్చింది. ఆఫీసులో నోటితో ఎమెషె అంటారు గానీ, పుట్టింటి పేరు ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ సాయంత్రం గాబోర్‌తో మాత్రం చెప్పింది.

"అయితే ముప్పై ఏళ్ళ కిందటే కనిపెట్టేశావన్నమాట!" అన్నాడు గాబోర్, మిరప పొడి డబ్బా మూత తీయలేక తంటాలు పడుతూ.

"దాదాపు" అంది ఎమెషె.

ఆ 'దాదాపు' అన్నమాట ఎంత తీయగా ఉందంటే, ఆ రాత్రి భోజనంలో ఆమె ఉప్పు కూడా అడగలేదు.

సెగెద్ నుంచి జవాబు వచ్చింది. వకీలు రాసినది కాదు, పిరోష్కా స్వయంగా రాసింది. నోటితో చెప్పుకుంటాను, ముగ్గురు సభ్యుల మండలి ముందు విచారణ కావాలి అని. జతచేసిన కాగితం ఒక్కటే. ఎమెషె సిద్ధాంత గ్రంథంలో ఎనభై నాలుగో పేజీ.

ఎమెషె దాన్ని చూసి వెంటనే బల్ల మీద బోర్లించింది. గదిలో ఇంకెవరూ లేరు.

ఆ పేజీ ఆమెకు తెలియనిది కాదు. అప్పుడు చదివింది, పక్కన పెట్టింది. లేఖకు అవసరం లేదనుకుంది. అందులో ఉన్నది ఇది: "ఇకముందు ఈ పరీక్షలు చేసేవారు అంచు గుంటల్లో ఉత్త నీళ్ళు పోసి వదిలేయడం మేలు. అక్కడి ఫలితాలు ఎందుకూ పనికిరావు."

విచారణ అక్టోబరులో, పొద్దున పది గంటలకు. మండలి అధ్యక్షుడు కొరొంపయ్ లోరాంద్, పొడుగాటి మనిషి, మనవళ్ళ ఫొటోలకు తప్ప దేనికీ నవ్వడని పేరు. రెండో సభ్యురాలు న్యాయవాది హయ్నాల్కా, వయసులో చిన్నది, అన్నీ రాసుకుంటుంది. మూడోది ఎమెషె. తప్పుకుంటానని ముందే చెప్పవలసింది. చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. మూడు వారాలపాటు ప్రతి పొద్దునా రేపు చెబుదాం అనుకుంది.

పిరోష్కా గళ్ళ కోటు వేసుకుని, చేసంచీతో ఒంటరిగా వచ్చింది. పొట్టి మనిషి, చేతులు సబ్బునీళ్ళలో నాని నాని తెల్లబారి ఉన్నాయి.

"వకీలును పెట్టుకోలేదా?" అన్నాడు లోరాంద్.

"పెట్టుకున్నానండీ మొదట్లో. ఆయనకి అంచు గుంటంటే ఏమిటో చెప్పేసరికి రెండు నెలలు పట్టింది. ఇక నేనే మీకు చెబితే తొందరగా అయిపోతుందనిపించింది."

హయ్నాల్కా నవ్వబోయి దగ్గింది.

"సరే, చెప్పండి. అరవై ఒకటో పేజీలో ఆ విద్యార్థిని మీరు చూసిందే చూసింది కదా. దానికేమంటారు?"

"చూసిందండీ. నేను కాదనను. నాకంటే పాతికేళ్ళ ముందు చూసింది. చూసి, పారేసింది. పారేసి ఊరుకోలేదు, ఎనభై నాలుగో పేజీలో మమ్మల్నీ పారేయమంది." పిరోష్కా సంచీలోంచి ఒక పాత అట్ట తీసి బల్ల మీద పెట్టింది. ల్యాబు గోడకు వేలాడదీసే పని నియమాల అట్ట. మూలలు నూనెతో నల్లబడ్డాయి. "మా ల్యాబు నియమాలు. ఏడోది చూడండి. అంచుల్లో ఉత్త నీళ్ళు. కింద ఎవరు చెప్పారో కూడా రాశారు, బొద్రోగి. పంతొమ్మిదేళ్ళు నేను ఆ పిల్ల మాట విని నీళ్ళు పోశాను. రోజుకి నాలుగు పళ్ళేలు, పళ్ళేనికి ముప్పై ఆరు అంచు గుంటలు. మీరే లెక్కెయ్యండి ఎన్ని నీళ్ళో."

ఎమెషె ఆ అట్ట వైపు చూడలేదు. తన చేతివేళ్ళ వైపు చూసుకుంది.

"మరి మీకెలా తట్టింది?" అన్నాడు లోరాంద్.

"తట్టలేదండీ. ఒకరోజు పరధ్యానంలో, నీళ్ళు పోయాల్సిన చోట మందులు పోశాను. పారేద్దామనుకున్నా. కానీ కడగాల్సింది నేనే కదా, కడిగేముందు చూస్తాం కదా. చూస్తే, మేం మందులని మురిసిపోయిన వాటిలో సగం ముద్దకట్టి కూర్చున్నాయి. మా ఊళ్ళో చేపల పులుసు మరిగేకొద్దీ తెలుస్తుంది, వండినవాళ్ళు ఉప్పు వేశారా, వేశామని చెప్పారా అని. అంతే ఇదీ."

"అయితే చాలా తేలికైన విషయమేనన్నమాట" అన్నాడు లోరాంద్.

"ఇప్పుడు తేలికేనండీ." పిరోష్కా ఎవరి వైపూ ప్రత్యేకంగా చూడకుండా అంది. "అయ్యా, ఒక్కటడుగుతాను. ఆ బొద్రోగి ఎమెషెని పిలిపించలేరా? నేను చాలా వెతికాను. యూనివర్సిటీ వాళ్ళు తెలియదన్నారు. పెళ్ళి చేసుకుని పేరు మార్చేసుకుని ఉంటుంది, మనాళ్ళంతే కదా. ఆమె వస్తే ఒకే మాట అడుగుతాను. అమ్మా, నీకు తెలిసిందా, తెలియలేదా?"

"సిద్ధాంత గ్రంథాలు రాసినవాళ్ళని మేం పిలవం. కాగితం ఏం చెబితే అదే" అన్నాడు లోరాంద్. తరువాత ఎమెషె వైపు తిరిగి, "నీ పేరే దానికీ! చుట్టమేమీ కాదు కదా?" అన్నాడు. మనవళ్ళ ఫొటో లేకుండా ఆయన వేసిన జోకు అదొక్కటే కావచ్చు.

ఎమెషె నవ్వింది. నోరు విడదీసి, పళ్ళు కనిపించేలా నవ్వింది. ఆ నవ్వు ఎంత బాగా వచ్చిందంటే, అది తనకెక్కడ అబ్బిందా అని ఆమెకే భయం వేసింది.

"విద్యార్థుల రాతలు," అంది వెంటనే, ఎవరూ అడగకపోయినా, "ఎనభై నాలుగో పేజీ లాంటివి, వినయం కొద్దీ రాసే మాటలు. మనం చూడవలసింది ఆమె గమనించిందా లేదా అన్నదే."

పిరోష్కా ఆమె వైపు కాసేపు చూసింది. కోపంగా కాదు. మురికి పోయిందో లేదో అని గాజు గ్లాసును వెలుతురుకు పట్టి చూసినట్టు చూసింది.

"మీకు ఆ పిల్ల సంగతి బాగా తెలిసినట్టుందే, డాక్టరుగారూ" అంది. వెటకారం ఏమీ లేదు ఆ మాటలో. అదే ఇబ్బంది.

మండలి చర్చించుకోవడానికి పక్క గదిలోకి వెళ్ళింది. ఆ రోజు ఆఫీసులో ఎవరిదో నామదినం, పుట్టినరోజులా జరుపుకునే పేరు పండుగ, బల్ల మీద చీజు వేసి కాల్చిన పొగాచా బన్నుల పళ్ళెం ఉంది. లోరాంద్ ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"నాకు సానుభూతి ఉంది. అయినా ఆ అరవై ఒకటో పేజీ ఉంది చూశావా, అది గట్టి సాక్ష్యం. ఎక్కడ పట్టావే దాన్ని? నేను నలభై ఏళ్ళు వెతికినా దొరికేది కాదు."

హయ్నాల్కా పెన్ను పైకెత్తింది. "ఎనభై నాలుగో పేజీ దానికి ఎదురు చెబుతోంది కదండీ?"

"ఎమెషె చెప్పింది కదా, వినయం. ఆ పిల్లకి లోలోపల తెలిసే ఉంటుంది. ప్రొఫెసర్‌కి భయపడి రాసుంటుంది. గమనించింది, పెరిగిందని రాసింది. చాలదూ? తెలివైన పిల్ల. మిగతా అడుగు కళ్ళు మూసుకుని వెయ్యొచ్చు. సరేనా, తిరస్కరణే ఖాయం చేద్దామా?"

తెలివైన పిల్ల. ముప్పై ఏళ్ళుగా ఎమెషె ఆ మాట ఎవరైనా అంటారేమోనని ఎదురుచూసింది. ఇప్పుడు అన్నారు, అనగానే ఒంట్లో నెత్తురంతా ముఖంలోకి వచ్చింది. ఆ కాసేపట్లో ఆమెకు ఆ పాత ల్యాబు కనబడింది. ఆ మూడు గుంటలు. తను వాటి వైపు వంగి చూడటం, విసుగు, మధ్యాహ్నం రైలు, బాలతొన్ సరస్సు దగ్గర ఎదురుచూస్తున్న గాబోర్. లోలోపల తెలియడమా? లోలోపల ఏమీ లేదు. విసుగు తప్ప ఏమీ లేదు. పిరోష్కా పెట్టిన దీపం వెలుగులో తన పాత గదిని చూసుకుని, ఈ గదిలో ఎప్పుడూ వెలుతురే ఉండేదని నాలుగు నెలలు ఊరేగింది.

"ఆమెకి తెలియలేదు" అంది.

"ఎవరికి?"

"బొద్రోగికి. ఏమీ తెలియలేదు. వినయమూ కాదు, భయమూ కాదు."

"నీకెలా తెలుసు?"

"నేనే కాబట్టి."

లోరాంద్ నములుతున్నది ఆపేశాడు. హయ్నాల్కా రాయడం ఆపలేదు. రెండు అక్షరాలు రాశాక అర్థమై అప్పుడు ఆపింది.

"అంటే..." అన్నాడు లోరాంద్, చాలా నెమ్మదిగా, "నీ సొంత గ్రంథాన్ని నువ్వే సాక్ష్యంగా పెట్టి, నీ పేరు చెప్పకుండా, ఆమె మీద తీర్పు చెప్పడానికి నువ్వే కూర్చున్నావు."

"అవునండీ."

"ఇందాక నేను చుట్టమా అంటే నవ్వావు."

"నవ్వాను."

"ఎందుకే? ఆమె ఏం చేసింది నీకు?"

ఎమెషె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "ఏమీ చేయలేదు. నేను చూసి వదిలేసినదాన్ని ఆవిడ చూసి వదల్లేదు. అది అందరికీ తట్టేదే అయితే, నాకూ తట్టినట్టే కదా. అందుకని."

లోరాంద్ పొగాచాల పళ్ళేన్ని పక్కకు జరిపాడు, అది వినకూడని మాటలు విన్నదన్నట్టు. "విచారణ చెల్లదు. కొత్త మండలి, కొత్త పరిశీలకుడు, మొదటి నుంచీ మళ్ళీ. ఏడాది పడుతుంది. పై వాళ్ళకి రిపోర్టు నేను రాస్తాను, నీ గురించి. ఆ బయట కూర్చున్నామెకి ఎవరు చెబుతారు?"

"నేను చెబుతాను."

పిరోష్కా నడవాలో బెంచీ మీద కూర్చుని ఆపిల్ కొరుకుతోంది. ఎమెషె ఎదురుగా నిలబడి, కూర్చోకుండానే, అంతా చెప్పింది. పేరు, పేజీ, లేఖ, నవ్వు. ఏడాది సంగతి చివర చెప్పింది.

పిరోష్కా ఆపిల్‌ను రుమాలులో చుట్టి సంచీలో పెట్టింది.

"నేననుకున్నాను," అంది, "ఆ పిల్ల కనబడితే ఒక కావలింత ఇద్దామని. మనిద్దరం ఒకే తప్పు చేసినవాళ్ళం, నువ్వు ముందు, నేను వెనక అని చెబుదామని."

పిరోష్కా సంచీ మూతి బిగించింది.

"ఇప్పుడు ఇవ్వబుద్ధి కావడం లేదు."

"వద్దండీ."

"ఏడాదా? మా యజమానికి డెబ్భై రెండు. ఈ పేటెంటు వస్తే ల్యాబు ఉంటుంది, లేకపోతే వచ్చే వేసవిలో మూసేస్తానన్నాడు. మీ సిగ్గు మీరు పడండి తల్లీ, దానికి నా ఏడాది ఎందుకు?"

ఈ ప్రశ్నకు రూల్సు పుస్తకంలో జవాబు లేదు. ఎమెషె వెనక్కి వెళ్ళి హయ్నాల్కాను అడిగింది. హయ్నాల్కా ఆలోచించి చెప్పింది: ఆ రంగంలో పనిచేసిన మనిషి, ఆ ఫలితాన్ని కళ్ళతో చూసిన మనిషి, అప్పట్లో తనకేం అర్థమైందో సంతకం పెట్టి వాంగ్మూలం ఇస్తే, కొత్త మండలి దాన్ని చూడొచ్చు. అడిగితే కేసును ముందుకు జరపొచ్చు కూడా. "కానీ ఫైలు బహిరంగం కదండీ. ప్రపంచంలో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఎప్పటికీ ఉంటుంది."

"తెలుసు" అంది ఎమెషె. ఆమెకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

ఆ బెంచీ మీదే, పిరోష్కా పక్కన కూర్చుని, మోకాళ్ళ మీద కాగితం పెట్టుకుని రాసింది. నేను, హల్మోష్ గాబోర్‌నె, పుట్టింటి పేరు బొద్రోగి ఎమెషె, ఈ ఫలితాన్ని చూశాను. దాని అర్థం నాకు తెలియలేదు. మరో మూడేళ్ళు అదే పనిలో ఉన్నా తెలియలేదు. దాన్ని పారేయమని ఇతరులకు సలహా ఇచ్చాను. ఈ దరఖాస్తు చదివేవరకూ ఆ మూడు పదార్థాలను ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

పిరోష్కా భుజం మీదుగా చదివింది. ఆఖరికి ఆమె మనసు కొంచెం మెత్తబడ్డట్టుంది. "మీ ప్రొఫెసర్ పారేయమని చెప్పి ఉంటాడు. వాళ్ళంతే. అదీ రాసుకోండి, కాస్త తేలికవుతుంది మీకు."

ఎమెషె పెన్ను ఆగింది. ఇన్నేళ్ళూ ఇంట్లో గాబోర్‌కు చెప్పింది అదే కథ. ప్రొఫెసర్ వల్లే నేను ఆగిపోయాను అని. చెప్పగా చెప్పగా ఆమె కూడా నమ్మేసింది.

"ఆయన ఆ పేజీ చదవనే లేదు" అంది. "నాకు రైలుకి టైమవుతోందని నేనే తీసేశాను." ఆ మాటా రాసింది. రైలు మధ్యాహ్నం ఒంటి గంటదని కూడా రాసింది.

పిరోష్కా కాగితాన్ని తీసుకుని మరోసారి చదివి, తిరిగిచ్చింది. కావలింత ఇవ్వలేదు. సంచీ తీసుకుని సెగెద్ రైలుకు వెళ్ళింది.

కొత్త మండలి ఏడాది ఆగలేదు, ఏప్రిల్‌లోనే తేల్చింది. పేటెంటు ఇచ్చారు. ఎమెషెను అప్పటికే దరఖాస్తుల నమోదు గదికి మార్చారు. అక్కడ ఎవరి ఆలోచన గొప్పదో తేల్చే పని లేదు, పేజీలు సరిపోయాయో లేదో చూస్తే చాలు. తీర్పు ప్రతి ఆమె బల్ల మీదికే వచ్చింది, నమోదు చేయడానికి. నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది: "తగిన శిక్షణ పొందిన పరిశోధకురాలు ఈ ఫలితాన్ని స్వయంగా చూసి కూడా దాని విలువ గుర్తించలేకపోయింది కనుక, ఈ పద్ధతి ఎవరికైనా తట్టేదని చెప్పడానికి వీల్లేదు."

ఎమెషె అలవాటు కొద్దీ పెన్సిల్ తీసుకుని ఆ వాక్యంలో తప్పు ఉందేమోనని వెతికింది. రెండోసారి కూడా చదివింది. తరువాత ముద్ర వేసి, ఫైలును అందరూ చూసుకునే వరసలో పెట్టింది.